తాటాకు బుట్టయు మన సిగ్గును

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 35:20–29, అపొస్తలుల కార్యములు 9:36–43

మన సముద్రతీరపు గ్రామములలో చేతితో చేసికొనదగిన వస్తువులకు కొదువ లేదు. తాటాకు బుట్ట, విసనకర్ర, తుంగచాప, కొబ్బరి ఈనెల పొరక, కొబ్బరి చిప్ప గరిటె, పాతబట్టల బొంత, మట్టల దడి, ఉట్టి – వీటిలో పెక్కింటికి కావలసిన సరుకు ఇంటిచుట్టుననే దొరకును. ఖర్చు కొంచెమే, కొన్నిటికి అదియు లేదు. స్త్రీల సమాజములలో వీటిని మరల నేర్పవలెనని అక్కడక్కడ కోరుచున్నారు. ఆ కోరిక మంచిదే. అయినను ఒక సంగతి దాచుకొని లాభము లేదు. పట్నమునుండి బంధువులు వచ్చుచున్నారనగానే తాటాకు బుట్ట మంచము క్రిందికి పోవును. రంగుల ప్లాస్టిక్ బుట్ట ముందుకు వచ్చును. బొంతను మడిచి లోపలి గదిలో పెట్టుదురు. "ఇది మా అమ్మమ్మ అల్లినది" అని చెప్పుటకు చదువుకొన్న పిల్లలకు నోరు రాదు. ఈ సిగ్గు ఎక్కడినుండి వచ్చినది? ఇది పాపమా?

"గర్వము" అని ఒక్కమాటలో తేల్చివేయు ప్రసంగములు మనము వినియున్నాము. చదువు రాగానే కన్నవారిని మరచినారనియు, కష్టమంటే గిట్టదనియు చెప్పుదురు. అట్టి ప్రసంగము చెప్పువానికి సులువు, వినువానికి బరువు. పిల్లలు బుట్టను చూచి సిగ్గుపడినప్పుడు వారు చూచుచున్నది బుట్టను మాత్రమే కాదు. దాని వెనుక నిలిచియున్న దానిని మనము జ్ఞాపకము చేసికొనవలెను.

మన సంఘములలో అనేకములు ఎవరివలన ప్రారంభమైనవి? ఒంగోలు ప్రాంతమున మొదట విశ్వసించినవారిలో తాళ్ళకొండపాడు కాపురస్థుడైన యర్రగుంట్ల పేరయ్యగారు ఒకరు. ఆయనయు, భార్యయైన నాగమ్మగారును 1866లో బాప్తిస్మము పొందిరి. పేరయ్యగారు తోళ్ళ వ్యాపారముమీద ఏలూరువైపు వెళ్ళినప్పుడు సువార్త వినినవారు. ఆయన వెంట వచ్చిన వేలాదిమంది మాదిగలు తోలుపని చేతిలో నున్నవారే. చెప్పులు కుట్టిరి, కపిల తోలే తోలు బానలను బాగుచేసిరి, ఎద్దులకు పలుపులు పేనిరి. ఆ పనితనము లేనిదే ఏ రైతు పొలమునకును నీరు పారలేదు. అయినను ఆ పనికి ధర లేదు. కళ్ళములో పెట్టిన గింజలే కూలి. పిలిచినప్పుడు పోవలెను, పొమ్మన్నప్పుడు దూరముగా నిలువవలెను. చేయనని చెప్పు హక్కు ఆ చేతులకు లేకపోయెను.

1876–78 సంవత్సరముల గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసికొని, ఆకలితోనున్నవారికి మట్టిపని ఇప్పించిరి. మట్టి మోయుట సుఖమైన పని కాదు. గాని అది కూలి చెప్పి చేయించిన పని, సాయంత్రమునకు లెక్క తేలు పని. కూటికొరకు చేరిరను మాట రాకుండునట్లు కరవు కాలములో బాప్తిస్మములు ఆపియుంచిరి. అటుతరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియొద్ద వెలంపల్లిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సండే స్కూలు పిల్లలకును తెలియును. ఆ తల్లిదండ్రులు తమ పిల్లలను బడికి పంపినది ఎందుకు? ఆ తోలుపని వారి మెడమీదికి రాకుండుటకే. మన తాతలే మనలను చేతిపనికి దూరముగా నడిపించిరి, ప్రేమతో నడిపించిరి. కాబట్టి మనవడు బుట్టను చూచి ముఖము త్రిప్పుకొనుటలో తాతగారి ప్రార్థన కొంత కలదు.

ఇంకొక సంగతి చెప్పుట కష్టమే. ఎరుకలవారు ఒకప్పుడు ఈ తీరముననుండి ఉప్పును గాడిదలమీదను ఎద్దులమీదను మెట్టప్రాంతములకు మోసి, ధాన్యము తెచ్చి అమ్ముకొనెడివారు. గంపలు, తట్టలు అల్లెడివారు. రైలు వచ్చిన తరువాత ఆ వర్తకము చెడెను. పిదప ప్రభుత్వము వారిని పుట్టుకనుబట్టి నేరస్థులుగా ఎంచు చట్టమును 1911లో మద్రాసు రాజధానికి వర్తింపజేసెను. మన కావలిలోనే అట్టి సెటిల్మెంటు ఉండెను. దానిని నడిపినది మన మిషనే. వారిపట్ల దయ చూపవలెనని నడిపినవారి తలంపు. అయినను సెలవు లేక గడప దాటరాని మనుష్యునికి పని నేర్పినప్పుడు, ఆ పని అతని చేతికి బిడ్డవలె ఉండునా, సంకెలవలె ఉండునా? 1952లో ఆ చట్టము దేశమంతటను రద్దాయెను. గంపను చూచినప్పుడు ఎవరి మనస్సులో ఏమి మెదలునో బయటివారు సులువుగా తీర్పు చెప్పకూడదు.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి చేతిపనిని విడిచిపెట్టుటయే విడుదల యని తోచవచ్చును. వాక్యము అట్లు చెప్పుట లేదు. నిర్గమకాండములో ఒకే జనము రెండుమారులు పనిచేయుట మనము చూచుదుము. ఐగుప్తులో వారు ఇటుకలు చేసిరి. అయిదవ అధ్యాయములో ఫరో వారికి గడ్డి ఇచ్చుట మానివేసెను. ఇటుకల లెక్క మాత్రము తగ్గింపలేదు. తరువాత అదే జనము, అవే చేతులు, అరణ్యములో ప్రత్యక్షపు గుడారము చేసిరి. ఎవరి హృదయము ప్రేరేపించెనో వారే ముందుకు వచ్చిరి. స్త్రీలు మేకవెండ్రుకలను వడికిరి. బెసలేలును అహోలీయాబును తమకు తెలిసినది ఇతరులకు నేర్పిరి. ఐగుప్తులో లెక్క తగ్గెనని కొట్టిరి. ఇక్కడ జనులు తెచ్చినది మించిపోయెను గనుక, ఇక తేవద్దని మోషే పాళెమంతట చాటింపవలసి వచ్చెను. మట్టి పిసికిన చేతులే నూలు వడికెను. చేతులు మారలేదు, చేయించువాడు మారెను.

ఆ గుడారపు పైకప్పు దేనితో చేసిరి? ఎఱ్ఱరంగు వేసిన పొట్టేళ్ళ తోళ్ళతో. నిర్గమకాండము 26:14 చూడుడి. బంగారు మందసముమీద ఎండ పడకుండ కాచినది తోలు. ఆ తోలును ఎవరో ఊనియుందురు; వారి పేరు వ్రాయబడలేదు. మాదిగపల్లెలనుండి వచ్చిన మన సంఘములలో ఈ వచనముమీద ప్రసంగము తరచుగా వినరాకపోవుట మాకు ఆశ్చర్యము.

పేతురు సంగతియు అట్టిదే. యొప్పేలో దొర్కాను లేపిన తరువాత ఆయన బహుదినములు బసచేసినది చర్మకారుడైన సీమోను ఇంట. చచ్చిన జంతువును ముట్టుకొను పనియని యూదులు దానిని హీనముగా ఎంచిరి. అయినను దేవదూత కొర్నేలీకి గుర్తు చెప్పినప్పుడు ఆ పని పేరు దాచలేదు: చర్మకారుని యిల్లు, సముద్రపు దరిని ఉన్న ఇల్లు. చేపలు పట్టినవాడు తోళ్ళు ఊనువాని ఇంట భోజనము చేయుచుండగా సువార్త అన్యజనులయొద్దకు బయలుదేరెను. సముద్రపుగాలి తగులు పల్లెలలో నివసించు మనకు ఆ యిల్లు దూరపు ఇల్లు కాదు.

కాబట్టి స్త్రీల సమాజములో బుట్టలల్లుట నేర్పవలెనన్నప్పుడు మొదట అడుగవలసినది, దీనిని ఎవరు అల్లుదురు అని. బీదవారే అల్లవలెను, ఉద్యోగస్థుల భార్యలు మెచ్చుకొనవలెను అనినచో అది ఐగుప్తు. ఆడపిల్లలు అల్లుచుండగా మగపిల్లలు సెల్‌ఫోను చూచుచు కూర్చుందురనినచో అదియు ఐగుప్తే, ఇంటిలోని ఐగుప్తు. మాస్టరుగారును కూర్చుండవలెను, బ్యాంకులో పనిచేయు కుమారుడు సెలవుకు వచ్చినప్పుడు అతడును ఈనె చీల్చవలెను. మొదట వ్రేళ్ళు తెగును, నవ్వుదురు, తప్పులేదు. అల్లిక తెలిసిన ముసలమ్మ ఆ పూట ఉపాధ్యాయురాలు, ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, "అవ్వా, ఈ మడత ఎట్లా వేసినావు?" అని చదువుకొన్నవాడు అడుగవలెను.

ధర మాటయు ఉన్నది. పొరకలు తెచ్చిన అవ్వతో అయిదు రూపాయలకై అరగంట వాదించి, ఆ సాయంత్రమే అంగడిలో అట్టమీద అచ్చువేసిన ధరకు మారుమాట లేక డబ్బు ఇచ్చుచున్నాము. చవక వస్తువు మనకు చవక. దానిని చేసినవారి దినమంతయు అందులో పోయినది. కోసినవారికియ్యని కూలి మొరపెట్టునని యాకోబు వ్రాసెను (5:4). అల్లినవారి కూలి మొరపెట్టదా? చేతితో చేసినది చవకగా దొరకుట, మన చేతులే చేసినప్పుడు న్యాయము. ఇతరుల చేతులు చేసినప్పుడు దాని ధర ఇచ్చివేయవలెను.

ప్లాస్టిక్కునంతటిని దూషించుటయు మా ఉద్దేశము కాదు. ప్లాస్టిక్ బిందె వచ్చిన తరువాత దూరపు బావినుండి నీరు మోయు స్త్రీల మెడలు కొంత సుఖపడినవి. ఇత్తడి బిందెను పొగడువారు ఒక వేసవి దానిని మోసి పొగడవలెను.

ఇక చేయువిధమును గూర్చి కొంచెము. తాటి ముదురాకు కప్పునకు, లేతాకు బుట్టకు. లేతాకును ఆరబెట్టి ఈనె తీసి సన్నగా చీల్చి, అల్లునప్పుడు తడిగుడ్డలో చుట్టియుంచినచో విరుగదు. ఒక చెట్టునుండి ఒక్క లేతాకుకంటె ఎక్కువ కోయరాదు. మొవ్వు దెబ్బతినినచో చెట్టే పోవును. మన ఇసుకనేలలో పోసిన నీరు నిలువదు గనుక కాయగూరల పాదులకు పాతకుండ మేలైన సాధనము. రంగు పూయని మట్టికుండను పాదు ప్రక్కన మెడవరకు పాతి, నీరు నింపి, మూకుడు మూయవలెను. కుండ గోడలలోని సన్నని రంధ్రములగుండ నీరు ఊరి, వేళ్ళకు కావలసినంతయే అందును. పైన ఆవిరి కాదు. పగులు లేని కుండను చూచుకొనవలెను. సొర, బీర, మునగ మొక్కలకు ఇది బాగుగా పనిచేయును. వేటకు పనికిరాని పాతవలను కఱ్ఱలకు కట్టినచో కోళ్ళనుండి, మేకలనుండి ఆకుకూరలు దక్కును. ఆ వల కాలువలో పారవేసినచో చేపలకును పక్షులకును ఉరియగును. దొడ్డిచుట్టు కట్టినచో తోటకూరకు కావలి యగును.

దొర్కా చేసిన అంగీలను, వస్త్రములను విధవరాండ్రు ఏడ్చుచు పేతురుకు చూపించిరి. అవి అంగడి సరుకై యుండినచో చూపించెడివారా? ఆ కుట్టు ఎవరి భుజమునకు ఎంత వెడల్పో ఎరిగిన కుట్టు. మన ఇండ్లలోని బొంతయు అట్టిదే: చనిపోయిన తల్లి చీర ముక్క ఒకటి, పెండ్లియైపోయిన చెల్లెలి లంగా ముక్క ఒకటి అందులో ఉండును. బంధువులు వచ్చినప్పుడు దానిని మడిచిపెట్టుటకంటె, చలివేళ వారికే కప్పుటకు ఇచ్చినచో ఆ ముక్కల కథ వారే అడుగుదురు.

క్రిస్మసుకు పశువుల పాక కట్టు కాలము వచ్చుచున్నది. అనేక సంఘములలో దీనిని థర్మోకోలుతో చేయుచున్నారు. 2022 జూలై 1 నుండి మన దేశములో నిషేధింపబడిన ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులలో అలంకారమునకు వాడు థర్మోకోలును ఉన్నది. చట్టము మాట అటుంచి, పండుగ మరునాడు ఆ తెల్లని పొడి గాలికి కాలువలోనికి, కాలువనుండి సముద్రములోనికి పోవుట మనము చూచుచున్నాము. బేత్లెహేము పాకను గడ్డితోను తాటాకుతోను కట్టుటకు మనకు తెలియనిదేమున్నది? ఎవరింటి పాక కప్పు బాగుగా నిలిచినదో ఆ పెద్దను పిలిచి కప్పింపుడి. మగపిల్లలు తాళ్ళు పట్టుకొందురు. పాక విప్పిన తరువాత ఆ గడ్డి ఎవరి బఱ్ఱెకు వేయవలెనను తగవు మాత్రము కమిటీవారు ముందుగానే తీర్చుకొనుట మంచిది.