కత్తెర కంటే ముందు కిటికీ



బీదరు గాంధీ గంజ్‌లో కందులు, మినుములు, సోయా బస్తాలు దిగే బజారుకు వెనుక సందులో మా నివాసము. లారీల దుమ్ము, పప్పు పొట్టు ఇంట్లోకి వస్తాయి గనుక వీధివైపు కిటికీ మూసి ఉంచుట మాకు ఏండ్ల అలవాటు. ఆ గదిలో బీరువా మీద ఒక మనీ ప్లాంటు కుండీ ఉన్నది. పొరుగింటివారిని అడిగి తెచ్చుకొన్న చిన్న కొమ్మ అది. దొంగిలించి తెస్తేనే ధనం కలిసివస్తుందని కొందరంటారు. అడిగి తెచ్చినది కూడా చక్కగానే పెరిగినది.

తెచ్చిననాడు దాని ఆకుల మీద పసుపు, తెలుపు చారలు ఉండేవి. రెండేండ్లు గడిచేసరికి కొత్త ఆకులన్నీ ఒట్టి పచ్చగా రాసాగినవి. తీగె నేలదాకా వ్రేలాడినది గాని ఆకుకు ఆకుకు మధ్య దూరం పెరిగి బోసిగా కనబడినది. "అందం పోయినదండీ, ఈ పచ్చ తీగెలన్నీ కోసివేయండి" అని మా ఇంటివారు అన్నారు. మేము కత్తెర తీసికొన్నాము. అప్పుడు ఒక ప్రశ్న మా చేయి ఆపినది. ఏ రోగమూ లేక బ్రతుకుచున్న తీగెను, మనకు నచ్చిన రంగు లేదని కోయుటకు మనకు హక్కు ఎక్కడిది?

మేము టీచరు ట్రైనింగు పొంది, చాలా ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవారము. చారల ఆకుతో చేసే ప్రయోగం మీలో అనేకులు బడిలో చూచియుందురు. మొక్కను మూడు రోజులు చీకటి గదిలో ఉంచి, తరువాత ఆరు గంటలు ఎండలో పెట్టి, ఒక ఆకు కోసి, దాని పచ్చదనం పోయేవరకు స్పిరిటులో ఉడికించి, అయోడిన్ చుక్కలు వేస్తాము. పచ్చగా ఉండిన భాగం నీలి నలుపుగా మారుతుంది. అక్కడ పిండిపదార్థం తయారైనదని గుర్తు. తెల్లగా ఉండిన భాగం మారదు. అనగా మన కంటికి అందమైన తెలుపు తన తిండి తాను సంపాదించుకోలేదు. ప్రక్కనున్న పచ్చ భాగం దానిని పోషించవలెను.

కాబట్టి మా గదిలో జరిగినది ఏమిటి? వెలుతురు తగ్గినప్పుడు మొక్క బ్రతుకుటకు పచ్చదనం పెంచుకొన్నది. అది మొండితనము కాదు, చెడిపోవుటా కాదు. కిటికీ మూసినది మేము. శిక్ష మాత్రం తీగెకు వేయబోయినాము.

ఈ మాట వ్రాయుచుండగా మొక్క కంటే పెద్ద సంగతి ఒకటి మా మనస్సుకు వచ్చుచున్నది. దానిని దాచుట న్యాయం కాదు.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విడిపోయినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రంలో చేరినది. 1973లో ఆ రాష్ట్రానికి కర్ణాటక అని పేరు వచ్చినది. ఇక్కడ మన పిల్లలలో అనేకులు కన్నడ బడులలో చదివినవారే. కొన్ని ఏండ్ల క్రితం మా సంఘంలో ఒక యౌవనస్థుడు ఆదివారం వాక్యం చదువుటకు నిలిచినాడు. అతని చేతిలో బైబిలు లేదు, ఒక కాగితం ఉన్నది. తెలుగు మాటలను కన్నడ అక్షరాలలో వ్రాసికొని వచ్చి చదువుచున్నాడు. ముందు వరుసలో కూర్చున్న మేము అది చూచి, "తెలుగు చదవలేనివానికి తెలుగు సంఘంలో ఇక్కడ నిలిచే పని ఏమి?" అని అందరి యెదుట అన్నాము. అతడు కాగితం మడిచి జేబులో పెట్టుకొని కూర్చున్నాడు. చదివేవారి పట్టికలో నుండి అతని పేరు తీసివేసినవారము కూడా మేమే. సంఘ క్రమం కాపాడుచున్నామని అప్పుడు అనుకొన్నాము. నాలుగైదు వారాలు వచ్చి అతడు మానుకొన్నాడు.

తరువాత ఒకనాడు గంజ్‌లో ఒక దుకాణం గుమ్మం వద్ద ఎదురుపడినాడు. లెక్కలు వ్రాసే ఉద్యోగం. లేచి నమస్కారం పెట్టి, మేము అడుగగా మెల్లగా అన్నాడు: "సార్, తెలుగు అక్షరాలు నేర్పండని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను. తీరిక లేదన్నారు. అందుకే అమ్మ చదివి వినిపిస్తే కన్నడంలో రాసుకున్నాను."

అడిగినమాట నిజమే. తీరిక లేదన్నదీ నిజమే. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. కన్నడం చదివినవానికి తెలుగు అక్షరాలు నేర్పుట పెద్ద శ్రమ కాదు. ట్రైనింగు పొందిన ఉపాధ్యాయుడు తన సంఘంలోనే ఉండగా ఆ అబ్బాయి చీకటిలో ఉండిపోయినాడు. కన్నడం అతనికి అన్నం పెట్టినది. తెలుగు చార నిలువవలెనంటే వెలుతురు మేము ఇయ్యవలసినది.

అయితే అసలు కత్తిరించుట తప్పా? కాదు. మంచి వెలుతురులో ఉంచినా ఒక కొమ్మ పూర్తిగా పచ్చగా వచ్చి, వేగంగా పెరిగి, మిగిలినవాటిని కప్పివేస్తే, చారలున్న ఆకు దాకా దానిని వెనుకకు కోయవలసినదే. కుళ్ళిన కొమ్మను తీయవలసినదే. కాని కోతకు ఒక పద్ధతి ఉన్నది. శుభ్రమైన కత్తెరతో, కణుపుకు కొంచెం పైన కోయవలెను. ఒకేసారి మొక్క అంతటినీ బోడి చేయరాదు. కోసిన ముక్కకు ఒక కణుపైనా ఉండేలా చూచి నీళ్ళ సీసాలో పెట్టవలెను. కణుపు లేని ఒంటి ఆకు నీళ్ళలో చాలాకాలం పచ్చగా నిలువవచ్చును గాని కొత్త మొక్క కాలేదు. కణుపు ఉంటే వేరు వస్తుంది. ఆ ముక్కను తిరిగి అదే కుండీలో నాటవచ్చును. చక్కగా కత్తిరించుటకు, తోసివేయుటకు ఉన్న భేదం ఇక్కడనే ఉన్నది. కోసిన ముక్క ఏమవునో ఆలోచించనివాడు కత్తెర పట్టరాదు.

ఈ మొక్క చరిత్రయే దీనికి సాక్ష్యము. దీని స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలోని మోరేయా ద్వీపము. 1880లో శాస్త్రజ్ఞులు మొదట దీనికి పేరు పెట్టి వర్ణించినారు. ఇది పూయుట మిక్కిలి అరుదు. పువ్వుకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే పదార్థం దీనిలో సరిగా తయారుకాదని 2016లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. గనుక మన ఇండ్లలోని మనీ ప్లాంట్లు విత్తనం నుండి వచ్చినవి కావు. ఎవరో కోసి, ఎవరికో ఇచ్చిన ముక్కలే. ఊరు విడిచి వచ్చి ఇక్కడ వేరు తన్నిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మనలను కూడా ఎవరో ఒకరు నీళ్ళలో పెట్టి కాపాడినారు.

ఇంకొక సంగతి. తీగె కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం క్రిందనున్న ప్రక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొన ఉన్నంతకాలం అవి కణుపులలో నిద్రపోతూనే ఉంటాయి. కొన కోస్తే మేల్కొంటాయి. ఇది మేము పిల్లలకు చెప్పిన పాఠమే. దానిని మా మీదికి త్రిప్పుకొనుటకు ఇన్ని ఏండ్లు పట్టినది. సంఘంలో ఏండ్ల తరబడి ముందు వరుసలో ఉన్న కొన మేమే. యౌవనస్థులు ముందుకు రారని సణిగినదీ మేమే. యోహాను సువార్త 15వ అధ్యాయం మనం తరచుగా వింటాము. అక్కడ మనకు ఇయ్యబడినది తీగె స్థానం గాని కత్తెర పట్టినవాని స్థానం కాదు.

కాబట్టి మేము చేసినది ఇది. మొదట కిటికీ తెరచినాము. కుండీని మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని చోటికి, కిటికీ దగ్గరకు జరిపినాము. నేలకు వ్రేలాడే పొడవు కొనలను మాత్రం కోసి సీసాలో పెట్టినాము. రెండు నెలలలో వచ్చిన కొత్త ఆకులకు చారలు కనబడినవి. పాత ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నవి. వాటికి చారలు తిరిగి రావు. ఆ యౌవనస్థుడు కూడా మా వద్దకు తిరిగి రాలేదు. వేరొక సంఘంలో కన్నడంలో వాక్యం చదువుచున్నాడు. అతడు ఎండిపోలేదు, పచ్చగా ఉన్నాడు. నష్టము మాదే. వెళ్ళి క్షమాపణ అడిగినాము; మర్యాదగా టీ ఇచ్చినాడు.

ఆదివారపు పట్టిక వ్రాసే పనిని మేము విడిచి ఇద్దరు యౌవనస్థులకు అప్పగించినాము. శనివారం సాయంకాలము మా ఇంట్లో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుచున్నాము. కిటికీ తెరచియే ఉంటుంది. దుమ్ము వచ్చుచున్నది, తుడుచుకొనుచున్నాము.

మీ సంఘంలో ఎవరినైనా కోసివేయవలెనని తోచినప్పుడు, పెద్దలారా, ముందు ఆ గది కిటికీ ఎవరు మూసినారో చూడండి.