మొద్దు అనే ముందు



1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కోనసీమ పెద్దలు మరువలేరు. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తెల్లవారాక కూలిన ఇళ్ళను లెక్కపెట్టారు, పడిపోయిన కొబ్బరిచెట్లను లెక్కపెట్టారు. తల్లి కొంగు పట్టుకుని రాత్రంతా వణికిన పిల్లల మనసులో ఏమి కూలిందో లెక్కించడం మాత్రం మనకు చేతకాలేదు.

కొబ్బరి రైతుకు ఒక సంగతి తెలుసు. గాలికి నిలబడిన చెట్టంతా క్షేమమని కాదు. మొవ్వు అదిరితే ఆ దెబ్బ కాపులో కనబడడానికి ఏడాది పట్టవచ్చు. కాయలు రాలితే రైతు చెట్టును తిట్టడు, మొదలూ మొవ్వూ చూస్తాడు. మరి బడిలో వెనుకబడిన బిడ్డను "మొద్దు", "మొండి" అని తిట్టడం న్యాయమేనా?

తుఫాను సముద్రం నుండే రానక్కరలేదు. తండ్రి తాగి వచ్చి తల్లిని కొట్టే ఇల్లు ఒక తుఫాను. పిల్లల ఫీజుల కోసమే తల్లి కువైట్‌కో మస్కట్‌కో పనికి వెళ్ళిన ఇంట్లో, అమ్మమ్మ ఎంత ప్రేమగా చూసినా, రాత్రిళ్ళు ఒక వెలితి ఉంటుంది. ఆ తల్లిని నిందించే హక్కు ఎవరికీ లేదు. అయినా బిడ్డ బాధ బాధే.

భయంలో పెరిగిన బిడ్డ శరీరం ఎప్పుడూ ప్రమాదానికి కాపలా కాస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నిద్ర చెడుతుంది, తలుపు చప్పుడైతే చూపు అటే పోతుంది. అలాంటప్పుడు నల్లబల్లపై లెక్క బుర్రకెక్కదు, నిన్నటి పద్యం నేటికి నిలవదు. అది సోమరితనం కాదు, తెలివి లేకపోవడమూ కాదు.

తెలిసి, మనసారా సమ్మతించి చేసినదే చావైన పాపమని జ్ఞానోపదేశంలో నేర్పుతున్నాం. పెద్దల పాపానికి ఇంత జాగ్రత్తగా తూకం వేసే మనం, భయం పట్టి ఊపుతున్న పసివాడి తప్పును ఏ తూకమూ లేకుండా ఎలా తీర్పు తీరుస్తాం?

"మా కాలంలో మేం దెబ్బలు తినలేదా? చదువుకోలేదా?" అంటారు కొందరు. చదువుకున్నవారు ఆ మాట చెప్పగలుగుతున్నారు. దెబ్బలకు జడిసి బడి మానేసినవారు చెప్పడానికి మన మధ్య కుర్చీ వేసుకుని కూర్చోలేదు. కట్టుబాటు వద్దని ఎవరూ అనరు. బెదిరిన బిడ్డకు అది మరీ అవసరం. వేళకు అన్నం, వేళకు నిద్ర, అన్నమాట తప్పని పెద్దలు – ఇదే కట్టుబాటు. నలుగురిలో అవమానించడం కట్టుబాటు కాదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది కూడా.

ఈ పని డాక్టర్లకే వదిలిపెట్టనక్కరలేదు. 1999 ఒడిశా పెనుతుఫాను, 2004 సునామీల తరువాత బెంగుళూరు నిమ్హాన్స్ నిపుణులు స్థానిక కార్యకర్తలకే శిక్షణనిచ్చి బాధితుల మధ్యకు పంపారు. పలివెల వంటి ఊళ్ళలోనూ ఒక ఆదివారం పూజ తరువాత ఉపాధ్యాయులు, ఉపదేశులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, అమ్మమ్మలు, తాతయ్యలు కలిసి కూర్చుని నేర్చుకోవచ్చు. నేర్చుకోవలసినవి పెద్ద విద్యలు కావు. బిడ్డను పేరుపెట్టి పిలవడం, బలవంతాన మాట్లాడించకుండా చెప్పినప్పుడు వినడం, చేయగలిగిన చిన్న పని అప్పగించి మెచ్చుకోవడం. నిద్రలో ఉలిక్కిపడుతూ నెలల తరబడి కోలుకోకుంటే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం. ఎవరైనా బిడ్డను చెరుపుతున్నారని తెలిస్తే పరువు కోసం దాచకుండా 1098కి ఫోన్ చేయడం, పోలీసులకు తెలియజేయడం. లైంగిక నేరమైతే అలా తెలియజేయడం 2012 నుండి చట్టరీత్యా మన విధి.

ఆ తుఫాను నాటికి పదేళ్ళున్నవారు నేడు తల్లిదండ్రులు. గాలి జోరుగా వీస్తే వారిలో కొందరికి ఇప్పటికీ నిద్రపట్టదు. తమను ఆనాడు ఎవరైనా దగ్గరకు తీసుకుని ఉంటే ఎంత బాగుండేదో వారికి తెలుసు. క్రీస్తునాథుడు పసివానిని పిలిచి శిష్యుల మధ్య నిలబెట్టినప్పుడు, ముందుగా వాడిని పాఠం అప్పజెప్పమని అడగలేదు. అక్కున చేర్చుకున్నాడు. మన ఇంట్లో, మన తరగతిలో వెనుక వరుసలో కూర్చున్న బిడ్డను రేపు ఉదయం మనం ఏమని పిలుస్తాం?