ఉంగరము మారవచ్చును, మాట మారరాదు

ధ్యానభాగము: 2 కొరింథీయులకు 1:15–22



మిరప కోతలు ముగిసి కల్లములు ఖాళీ అయిన తరువాత మన ఒంగోలు ప్రాంతపు సంఘములలో పెండ్లిండ్ల కాలము ఆరంభమగును. కాయ అమ్మిన సొమ్ములో కొంత అప్పులకు పోవును, కొంత బంగారమునకు పోవును. ఆ దినములలో సంఘకాపరియొద్దకు అనేక ప్రశ్నలు వచ్చుచుండును. వాటిలో ఒకదానిని ఈ నెల మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము. చూచుటకు అది చిన్న ప్రశ్నయే. పెండ్లి ఉంగరముల జతను ఫలాని నమూనాతో చేయుమని కంసాలికి ఒప్పగించిన పిమ్మట మనస్సు మారినయెడల, ఆ నమూనాను మార్చవచ్చునా? మార్చినయెడల మాట తప్పినట్లగునా? మార్చక మనస్సు చంపుకొని ధరించినయెడల అది నమ్మకత్వమగునా?

ఇట్టి సంగతి మా సంఘములోని ఒక జతకు కలిగెను. చిన్నది ఆసుపత్రిలో నర్సు. చిన్నవాడు మిరపకాయల కోల్డు స్టోరేజీలో లెక్కలు వ్రాయును. ఇద్దరును ఫోనులో చూచి ఒక నమూనా ఎన్నుకొనిరి. ఒక ఉంగరము మీద సగము సిలువ, రెండవదాని మీద సగము సిలువ. రెండును ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టినప్పుడు మాత్రమే సిలువ పూర్తిగా కనబడును. చిన్నదాని ఉంగరము చుట్టు తెల్లరాళ్లు. బయానా ఇచ్చి, వ్రేళ్ల కొలతలు ఇచ్చి వచ్చిరి. పది దినములైన పిమ్మట చిన్నదానికి మనస్సు కుదుటపడలేదు.

ఆమె చెప్పిన కారణములు మూడు. మొదటిది, ఆమె పని. దినమునకు ఎన్నియో మారులు చేతులు కడుగవలెను, తొడుగులు వేసికొనవలెను. రాళ్లు తొడుగులను చించును, రాళ్ల సందులలో మురికి నిలుచును. ప్రతి దినము తీసి పెట్టెలో పెట్టవలసిన ఉంగరము పెండ్లి ఉంగరమెట్లగును? రెండవది, వ్రేలు ఎల్లకాలము ఒకే తీరున ఉండదు. గర్భముతో ఉన్నప్పుడును వయస్సు పెరిగినప్పుడును లావగును. సాదా ఉంగరమునైతే కంసాలి సాగదీయవచ్చును, లేదా కోసి ముక్క చేర్చి టంకము పెట్టవచ్చును. చుట్టును రాళ్లు పొదిగిన దానిని అట్లు చేయుట బహు కష్టము. మూడవ కారణము చెప్పునప్పుడు ఆమె స్వరము తగ్గెను. "అయ్యగారూ, నాన్న పోయి ఏడేళ్లయింది. అమ్మ వేలికి ఆ సాదా ఉంగరం అలాగే ఉంది. ఇద్దరిలో ఒకరు పోతే, మిగిలినవాళ్ల వేలికి సగం సిలువే గదా ఉండేది?" అనెను.

చిన్నవాని పక్షమున కూడ బలమైన మాటయే ఉండెను. అతడు మత్తయి సువార్త 5:37ను జ్ఞాపకము చేసెను. మన అవును అవునుగా ఉండవలెనని ప్రభువు బోధించెను గదా, ఒప్పుకొని బయానా ఇచ్చినదానిని పది దినములకే మార్చినయెడల రేపు దేనిమీద నిలుతుము అని అతని వాదము. అతని మేనత్త మరియొక మాట చేర్చెను. "ఉంగరం మారిస్తే మనువు మారినట్టేరా నాయనా, అపశకునం" అనెను. ఇట్లు ఉంగరపు సంగతి నమ్మకపు సంగతియై, భయపు సంగతియై కూర్చుండెను.

మొదట ఉంగరమనగా ఏమిటో విచారింతము. 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము మన వివాహములు జరుగుచున్నవి. ఆ చట్టములో ఉంగరము ఉండవలెనను నియమము లేదు. బోధకుడు తనకు తగినదని తోచిన క్రమము చొప్పున వివాహము జరిగింపవచ్చును, అయితే అతడుగాక కనీసము ఇద్దరు సాక్షులు ఉండవలెను. అనగా చట్టము బంగారమును అడుగలేదు, మాటను వినువారిని అడిగెను. 1603లో ఇంగ్లండులోని ప్యూరిటనులు జేమ్సు రాజునకు సమర్పించిన మనవిలో, పెండ్లిలో ఉంగరమిచ్చు ఆచారమును సవరించుమని కోరిరి. మన దక్షిణ ఇండియా సంఘపు సహోదరుల ఆరాధన క్రమములో ఉంగరమునకును మంగళసూత్రమునకును చోటు కలదు. మన తెలుగు సంఘములలో అనేకులు సిలువ గురుతుగల సూత్రము కట్టుదురు, అనేకులు ఉంగరములు మార్చుకొందురు, కొందరు రెండును చేయుదురు. పురుషుడు కూడ పెండ్లి ఉంగరము ధరించుట పాశ్చాత్య దేశములలో సహితము 20వ శతాబ్దములోనే బాగుగా వ్యాపించెను. కాబట్టి జత ఉంగరములు అనాది ఆచారము కావు. రోమీయుల కాలమున నిశ్చితార్థపు ఉంగరము రాయి లేని ఇనుప ఉంగరముగా ఉండెడిదని ప్లినీ అను గ్రంథకర్త మొదటి శతాబ్దములో వ్రాసెను. ఇనుముతో పెండ్లి నిలిచెను, బంగారముతో నిలిచెను, ఏదియు లేకయు నిలిచెను.

మన పితరులను తలంచుకొనుడి. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కూలి చేసి ప్రాణములు నిలుపుకొన్నవారు వారిలో ఉండిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు తమ విశ్వాసమునకు గురుతుగా ఏ నగను చూపిరి? నోటి ఒప్పుకోలు, నీటి సాక్ష్యము, ఇంతే.

అట్లయినయెడల నమూనా ఏదైన నేమి అని కొందరందురు. అదియు సరికాదు. దాదాపు 1,800 సంవత్సరముల క్రిందట అలెగ్జాండ్రియాలో క్లెమెంతు అను బోధకుడు, విశ్వాసులు తమ ముద్ర ఉంగరముల మీద ఏ గురుతులు చెక్కించుకొనవలెనో ఉపదేశించెను. పావురము, చేప, తెరచాప ఎత్తిన ఓడ, వీణ వంటి వాద్యము, లంగరు తగునని చెప్పెను. విగ్రహముల ముఖములు, కత్తి, విల్లు, త్రాగుడు పాత్రలు తగవని చెప్పెను. గురుతు మనస్సుతో మాటలాడును గనుక ఆలోచించి ఎన్నుకొనుమని ఆయన భావము. చిన్నదాని మూడవ కారణము ఇట్టి ఆలోచనయే.

ఆ నమూనాలోని మంచి ఉద్దేశమును మేము త్రోసివేయము. నరుడు ఒంటరిగా ఉండుట మంచిది కాదని దేవుడే సెలవిచ్చెను, ఇద్దరును ఏకశరీరమగుదురని ఆదికాండము 2వ అధ్యాయము బోధించుచున్నది. ఆ ఐక్యతను చూపుటకే చిన్నవాడు ఆ నమూనాను కోరెను. అయితే సిలువ సగము సగముగా పంచుకొనబడునది కాదు. భర్తకు సగము, భార్యకు సగము రక్షణ లేదు. రోమీయులకు 14:12 చొప్పున ప్రతివాడును తన్ను గురించి తానే దేవునికి లెక్క అప్పగించవలెను. ఇద్దరు కలిసినందున సిలువ పూర్ణము కాదు, పూర్ణమైన సిలువ క్రిందికి ఇద్దరును వచ్చినందున వారు ఒకటగుదురు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీని సగముగా చూచు లోకములో మనము జీవించుచున్నాము. బొట్టు చెరిపి, గాజులు పగులగొట్టి, శుభకార్యములలో వెనుకకు నెట్టు ఆచారము మన ఊళ్లలో ఇంకను పూర్తిగా పోలేదు. తల్లి వ్రేలినున్న సాదా ఉంగరమును ఎవరును తీయలేదు. ఆ చిన్నది దానిని చూచి నేర్చుకొన్నది మా ప్రసంగములకంటె ఎక్కువని తలంచుచున్నాము.

ఇక చిన్నవాని ప్రశ్నకు వత్తము. మాట మార్చుట పాపము కాదా? అపొస్తలుడైన పౌలుమీద ఇదే నేరము మోపబడెను. ఆయన కొరింథునకు రెండు మారులు వచ్చెదనని ఉద్దేశించి, పిమ్మట ఆ ప్రయాణమును మార్చుకొనెను. ఈయన అవును అనుచు కాదు అనువాడని కొందరు నిందించిరి. పౌలు ఏమి ప్రత్యుత్తరమిచ్చెను? మార్చుకొన్నది ప్రయాణపు ఏర్పాటును మాత్రమే, తాను ప్రకటించిన క్రీస్తును కాదు. మార్చుకొనుటకు కారణము తన సుఖము కాదు, వారిని నొప్పింపకుండుటయే (1:23). దీనివలన ఏర్పాటు వేరు, ప్రమాణము వేరు అని తెలియుచున్నది. ప్రేమనుబట్టి ఏర్పాటు మారవచ్చును. ప్రమాణము అట్టిది కాదు. యెహోషువ 9వ అధ్యాయములో గిబియోనీయులు మోసముచేసి ప్రమాణము పొందిరి. ఇశ్రాయేలు పెద్దలు నిజము తెలిసికొన్న తరువాత కూడ ఆ ప్రమాణమును మీరలేదు. 15వ కీర్తన సహితము తనకు నష్టమైనను ప్రమాణము మార్చనివానిని మెచ్చుకొనుచున్నది. కంసాలి దుకాణములో ఎన్నుకొన్న నమూనా ప్రయాణపు ఏర్పాటువంటిది. బలిపీఠము నెదుట పలుకు మాట ప్రమాణము. ఈ రెంటిని కలిపివేసినవాడు నమూనాను ప్రమాణమంత గొప్పది చేయును, లేదా ప్రమాణమును నమూనా అంత చులకన చేయును.

అయితే ఏర్పాటులో కూడ పొరుగువాడు ఒకడున్నాడు. కంసాలిని మరచి ఈ ప్రశ్న తీర్చరాదు. పూర్వము కొట్టి, తీగ తీసి, వంచి, టంకము పెట్టి చేసెడివారు. ఇప్పుడు అనేక దుకాణములలో కంప్యూటరుమీద రూపము గీసి, మైనపు అచ్చు తీసి, దానిచుట్టు మూస కట్టి, మైనము కరిగించి, బంగారము పోయుదురు. మైనము దశలోనే చెప్పినయెడల నష్టము స్వల్పము. పోత పోసిన పిమ్మట చెప్పినయెడల బంగారము కరిగించవచ్చును గాని, తరుగును మజూరియు తిరిగి రావు. 2021 జూన్ నుండి హాల్‌మార్కు క్రమక్రమముగా తప్పనిసరి చేయబడెను. 22 కారట్ల నగమీద 916 అను అంకెతోపాటు ఆరు అక్షరములు అంకెలుగల గుర్తింపు సంఖ్య ఉండును. కరిగించి చేసిన క్రొత్త నగకు మరల ముద్ర వేయించవలెను. ఈ మధ్యలో బంగారము ధర పెరిగినయెడల ఎవరు భరింపవలెను? లేవీయకాండము 19:13 కూలివాని కూలిని తెల్లవారువరకు ఉంచుకొనవద్దని ఆజ్ఞాపించుచున్నది. మన మనస్సు మారినందుకు వాని కూలి పోరాదు. 1963 జనవరిలో 14 కారట్లకు మించిన నగలు చేయరాదను నిబంధన వచ్చినప్పుడు ఎందరో స్వర్ణకారుల ఇండ్లలో పొయ్యి ఆరిపోయెను. ఆ వృత్తివారి కష్టము మన పెద్దలు కన్నులారా చూచినదే. కాబట్టి మార్చువాడు నష్టము భరించి మార్చవలెను, అప్పుడే అది నీతియగును.

మనస్సు మారుటకు కారణమును కూడ పరీక్షింపవలెను. పొరుగింటి పెండ్లిలో మరియొక ఉంగరము చూచి మనది చిన్నబోయెనని మార్చగోరినయెడల అది అసూయ. అట్టివాడు రెండవమారు మార్చినను తృప్తిపడడు, ఫోనులో మూడవది కనబడును. బంగారు ఉంగరము పెట్టుకొని సమాజమందిరములోనికి వచ్చినవానికి మంచి ఆసనమిచ్చువారిని యాకోబు గద్దించెను. మరి పనికి అడ్డమగునని, ఖర్చు తండ్రి భుజములమీద పడునని, గురుతు తప్పు అర్థమిచ్చునని మార్చగోరినయెడల అది వివేకము. శకునమునకు భయపడి మార్చకుండుట మాత్రము విశ్వాసము కాదు. లోహమునకు మన దినములమీద అధికారము లేదు.

ఇంకొక పరీక్ష కలదు, అది కఠినమైనది. కొన్నిసార్లు ఉంగరముమీది అసంతృప్తి మనిషిమీది అసంతృప్తికి ముసుగుగా ఉండును. అందుచేత మా ఇంట అమ్మగారు ఆ చిన్నదానిని ఒంటరిగా కూర్చుండబెట్టి నిదానముగా అడిగెను. "ఉంగరం వద్దా, అబ్బాయి వద్దా? ఏదైనా ఇప్పుడే చెప్పమ్మా, నిన్నెవ్వరూ ఏమీ అనరు." ఆమె నవ్వి, ఉంగరమే వద్దనెను. తల్లిదండ్రులారా, ఈ ప్రశ్నను మీ కుమార్తెలను అడుగుడి. పెండ్లి ప్రకటన సంఘములో చదువుట అలంకారమునకు కాదు, అడ్డము చెప్పుటకు సమయమిచ్చుటకే. శుభలేఖలు అచ్చయినవని, పందిరి బయానా పోవునని నోరు నొక్కరాదు. పందిరి బయానా కంటె ఒక జీవితము విలువైనది.

ఆ జత ఇద్దరును కలిసి కంసాలియొద్దకు వెళ్లిరి. ఒక ఉంగరము అప్పటికే పోత పోయబడెను. చిన్నది తన కమ్మలకై దాచుకొన్న సొమ్ములోనుండి ఆ మజూరిని చెల్లించెను, చిన్నవాడు సగము తానును భరించెను. రెండు సాదా ఉంగరములు, లోపల పెండ్లి తేదీ, ఇంతే చేయించుకొనిరి. చిన్నవాడు తన వాదమును విడిచెను గాని తన వాక్యమును విడువలేదు. మత్తయి 21వ అధ్యాయములోని ఇద్దరు కుమారులలో, మొదట పోనని చెప్పి పిమ్మట మనస్సు మార్చుకొని వెళ్లినవాడే తండ్రి ఇష్టము చేసినవాడని అతడు తానే మాతో చెప్పెను.

ప్రియులారా, వివాహము కాబోవు యౌవనులకు మా హితవు ఇదే. ఒప్పగించుటకు ముందు ఆలోచించుడి, లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచునని చెప్పబడెను. మనస్సు మారినయెడల దాచక త్వరగా చెప్పుడి. ఇద్దరును కలిసి నిర్ణయించుడి, నష్టమును పనివానిమీదికి త్రోయకుడి. ఒకసారి నిర్ణయించిన తరువాత మరల తెరువకుడి. ప్రమాణము పలికిన పిమ్మట వచ్చు రెండవ ఆలోచనలకు కంసాలి యొద్ద మందు లేదు. అవి వచ్చును, ఏ ఇంటనైనను వచ్చును. అప్పుడు కరిగింపవలసినది ఉంగరమును కాదు, మన కఠిన హృదయములను. వాటిని కరిగించి మరల రూపించు చేయి యొకటి కలదు. ఆ చేతికి మన గృహములన్నిటిని అప్పగించుకొందుము గాక. ఆమేన్.