విడుదలకు యజమాని ఎవరు?

పార్వతీపురం కొండల్లోని జాతాపు, సవర ఊళ్ళలో 'కొత్త' పండుగ చెయ్యకుండా కొత్త పంట నోట పెట్టరు. కందికొత్త అయ్యేదాకా కొత్త కందులు వండరు, మామిడికొత్త అయ్యేదాకా మామిడికాయ ముట్టరు. దీసరి మంచిరోజు చూసి చెబుతాడు, జన్నోడు పూజ చేస్తాడు, ఆ తర్వాతే ఊరు తింటుంది. పండడం చెట్టు పని, ఇక తినవచ్చని చెప్పడం ఊరి పని. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో రిలీజ్ అనేది సరిగ్గా ఈ రెండో పనే. రాసిన కోడు అప్పటికే అందరి కళ్ళముందూ ఉంటుంది, కావాలంటే ఎవరైనా దించుకోవచ్చు. రిలీజ్ దానికి చేర్చేది ఒక్క హామీ: దీన్ని నమ్మి వాడుకోండి అని. ఇప్పుడు చాలాచోట్ల ఆ హామీని కూడా యంత్రమే ఇచ్చేస్తోంది. మరి దానికి కర్త ఎవరు? ఇంజనీర్లకే వదిలేసే ప్రశ్న కాదిది. చేసేవాడు ఒకడు, ఫలం మరొకడిది అయినప్పుడు కర్త ఎవరన్న లెక్క మన మీమాంసకులు ఏనాడో తేల్చడానికి కూర్చున్నారు.

యంత్రం ఎంతదాకా వచ్చిందో ముందు చూద్దాం. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో ఒక ప్యాకేజీ 'అన్‌స్టేబుల్' నుంచి 'టెస్టింగ్'కు వెళ్ళే దారిని బ్రిట్నీ అనే ప్రోగ్రాం కాస్తుంది. తొందరను బట్టి రెండో, ఐదో, పదో రోజులు ఆగి, కొత్తగా పెద్ద లోపాలేవీ బయటపడకపోతే తనే పంపేస్తుంది. పైథాన్ 2020 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ తెస్తోంది. ఉబుంటుకు ఏప్రిల్, అక్టోబరు. అప్పటికి సిద్ధం కానిది తర్వాతి వెర్షన్ దాకా ఆగాల్సిందే. 'నా పని ఇంకో వారంలో అయిపోతుంది' అని బతిమాలే అలవాటుకు తేదీ మందు వేసింది, అది మంచిదే. అయితే ఆ ఉబుంటే 2006 ఏప్రిల్‌లో రావలసిన వెర్షన్‌ను జూన్ దాకా ఆపింది. తేదీ పెట్టుకున్నవాళ్ళే తేదీ మార్చారు. ఆ అధికారం ఏ ప్రోగ్రాంలోనూ రాసి లేదు.

యజ్ఞంలో చాలా పని ఋత్విక్కులే చేస్తారు, ఫలం మాత్రం యజమానిదే అంటాడు మీమాంసాసూత్రాలు రాసిన జైమిని. సంకల్పం అతనిది, ద్రవ్యాన్ని త్యాగం చేసేదీ అతనే. మిగతాది దక్షిణ ఇచ్చి చేయించుకుంటాడు. ఈ లెక్కన యంత్రం దక్షిణ అడగని ఋత్విక్కు అనేస్తే ప్రశ్న సులువుగా తెగిపోతుంది. కానీ వందలమంది జీతం లేకుండా కలిసి నడిపే ప్రాజెక్టులో ఒక్క యజమాని ఎక్కడున్నాడు? ఇక్కడ నాకు ఋత్విక్కుల యాగం కన్నా సత్రయాగం దగ్గరగా కనిపిస్తుంది. అందులో పదిహేడుకు తగ్గకుండా, ఇరవై నలుగురికి మించకుండా కూర్చుంటారు. అందరూ యజమానులే, అందరూ ఋత్విక్కులే. దక్షిణ లేదు, ఫలం ఎవరికి వారికి పూర్తిగా దక్కుతుంది. మీమాంసాసూత్రాల ఆరో అధ్యాయంలో ప్రతినిధి చర్చ ఇంకా పనికొస్తుంది. ద్రవ్యం దొరక్కపోతే బదులు ద్రవ్యం వాడవచ్చు, యజమానికి మాత్రం బదులు లేదు. సత్రంలో ఒకరు మధ్యలో పోతే, సంఖ్య తగ్గకుండా వేరొకరిని కూర్చోబెట్టవచ్చు. అతను పనంతా చేస్తాడు గానీ యజమాని కాడు. మన యంత్రం కూర్చున్నది ఆ పీట మీదే. దాని చేత ఎంత పనైనా చేయించవచ్చు, అంతమాత్రాన మిగతావారిలో ఒక్కరి యజమానత్వమూ తగ్గదు. మీమాంసకులు మాట్లాడింది ఫలం గురించి. దోషానికీ ఇదే వర్తిస్తుందన్నది నా పొడిగింపు.

మనుషుల చేతిలో ఉంటే ఏం ఒరిగింది అని ఎవరైనా ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ యూటిల్స్ ప్రాజెక్టు సంగతి ఎత్తవచ్చు. ఎత్తాలి కూడా. రెండేళ్ళపాటు నమ్మకం సంపాదించి సహనిర్వాహకుడైన ఒక వ్యక్తి, 2024లో 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టాడు. దాన్ని మేల్కొలిపే ముక్క బహిరంగ రిపాజిటరీలో లేదు, విడుదల కోసం కట్టిన ఫైలులో మాత్రమే ఉంది. రిపాజిటరీ నుంచి యంత్రమే నేరుగా ఆ ఫైలు కట్టి ఉంటే ఆ ఒక్క దారైనా మూసుకుపోయేది. కాబట్టి ఆటోమేషన్ కావాలి, ఇంకా ఎక్కువే కావాలి. కానీ ఆ మోసం బయటపడింది ఎలా? లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు విసుగుపడి తవ్వడం వల్ల. అది లోపలికి వచ్చింది ఎలా? ప్రపంచమంతా వాడే ప్రాజెక్టును ఒకే మనిషి, జీతం లేకుండా, దాదాపు ఒంటరిగా మోస్తూ ఉండడం వల్ల. మిగతా యజమానులు లేచి వెళ్ళిపోయిన సత్రం అది. ఆ ఖాళీని ఏ స్క్రిప్టూ పూడ్చలేదు. ఇటు యంత్రాన్నే నమ్ముకున్న కథా ఉంది. ఓపెన్‌సోర్స్ కాదు గానీ, అదే ఏడాది జూలై 19న భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన అప్‌డేట్ తన తనిఖీ ప్రోగ్రాంను దాటుకుని వెళ్ళి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూల్చింది.

గీత చదివినవారి ఆక్షేపణ ఇంకొంచెం లోతైనది. కర్తృత్వం వదులుకోవడమే కదా ఆదర్శం, తేదీకీ యంత్రానికీ అప్పగించి పక్కకు తప్పుకోవడం నిష్కామకర్మే కదా అంటారు. తన పేరు, తన ఫీచరు అనే పట్టు సడలేంతవరకు ఒప్పుకుంటాను. అంతకు మించి కాదు. పద్దెనిమిదో అధ్యాయం మోహంతో విధ్యుక్తకర్మను వదిలెయ్యడాన్ని తామసత్యాగం అంటుంది. 'పైప్‌లైన్ పచ్చగా చూపించింది, మేమేం చేస్తాం' అనే జవాబును నేను ఆ ఖాతాలోనే వేస్తాను.

కొన్ని విడుదలలను వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండదు. సవర భాష కోసం 1936లో మంగెయి గొమాంగో వెలుగులోకి తెచ్చిన సొరాంగ్ సొంపెంగ్ లిపిని ఆయన అనుయాయులు అక్షరబ్రహ్మగా కొలుస్తారు. 2012లో యూనికోడ్ 6.1 ఆ లిపికి 35 సంకేతాలు కేటాయించింది. ఒకసారి అక్షరానికి ఇచ్చిన సంకేతసంఖ్యను మార్చకూడదు, తీసేయకూడదు; పేరులో అచ్చుతప్పు దొర్లినా అలాగే ఉంచాలి. యూనికోడ్ సాఫ్ట్‌వేర్ కాదు, కంప్యూటర్లలో లిపులకు ప్రమాణం. కానీ దాన్నీ స్వచ్ఛందులే ఎక్కువగా మోస్తారు, దానికీ విడుదల తేదీలుంటాయి. 2021 మార్చిలో రావలసిన 14.0 వెర్షన్‌ను కోవిడ్ కాలంలో ఆరు నెలలు వెనక్కి జరిపారు. గడువు దాటిందని గుర్తుచేసే యంత్రాలకేం కొదవ లేదు. పనిచేసే మనుషులు ఏ స్థితిలో ఉన్నారో చూసి ఆగుదామన్నది సాటి మనుషులే. తెలుగు నకారపొల్లు అనే అక్షరం ఆ వెర్షన్‌లోనే, సెప్టెంబరులో వచ్చింది.