జేబుచాకు – ధర్మశాసనము

కత్తి స్వభావమేమని యడిగినచో కోయుట యని చెప్పవలెను గాని చంపుట యని చెప్పరాదు. అమరావతి పరిసరములందలి గృహములలో కత్తిపీట లేని వంటయిల్లు లేదు, కొడవలి లేని పశువులపాక లేదు. గుంటూరు మిరపయార్డులో గోనెసంచి కుట్టు విప్పు హమాలీకిని, తాటిచెట్టెక్కు గీతకార్మికునకును, తిరునాళ్ళలో కొబ్బరిబొండములు చెక్కు వర్తకునకును, పెన్సిలు చెక్కుకొను బాలునకును కత్తి జీవనోపకరణము. కోపావేశపరుని చేతిలో నదియే ప్రాణాంతకమగును. వస్తువొక్కటియే, భేదము మనస్సులో నున్నది. మనస్సు కనుపింపదు, కత్తి కనుపించును. శాసనకర్తల చిక్కంతయు ఇచ్చటనే కలదు.

1878 నాటి ఆయుధముల చట్టము పరప్రభుత్వము ప్రజలను నమ్మక చేసికొన్న కట్టుబాటు. స్వతంత్ర భారతమున 1959లో వచ్చిన చట్టము కొంత వివేకముతో, ఆయుధముగా నుద్దేశింపబడిన వస్తువునే ఆయుధమన్నది. కేవలము గృహమునకును వ్యవసాయమునకును ఏర్పడిన పరికరములను, చేతికఱ్ఱను విడిచిపెట్టినది. దాని క్రింది నియమములు 9 అంగుళములకు మించిన పొడవు గాని 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులను ఆయుధముల పట్టికలో చేర్చి, గృహ, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల కేర్పడిన వానిని మినహాయించినవి. ఇంతవరకు బాగుగనే యున్నది.

కాని యా చట్టమునందే 4వ సెక్షనున్నది. ఏ ప్రాంతమునందైనను పరిస్థితులను బట్టి, ఏ తరగతి ఆయుధములకైనను లైసెన్సు కావలెనని ప్రకటన చేయుటకు అది యధికారమిచ్చుచున్నది. ఢిల్లీలో 1980లో వెలువడిన ప్రకటన, మీట నొక్కిన తెరచుకొను చాకులకు 7.62 సెంటీమీటర్ల పొడవును, 1.72 సెంటీమీటర్ల వెడల్పును హద్దుగా పెట్టినది. అనగా ఒక చోట తొమ్మిదంగుళముల లెక్క, మఱియొక చోట మూడంగుళముల లెక్క. ఇవిగాక అల్లరుల కాలమున వెలువడు తాత్కాలిక నిషేధములున్నవి. 2024 మే నెలలో పోలింగు పిమ్మట పల్నాడున హింస చెలరేగగా 144వ సెక్షను విధింపబడినది. ఆ సంవత్సరము జూలై మొదలు ఆ యధికారము నూతన నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షనునకు మాఱినది. ఇట్టి యుత్తరువులందు కఱ్ఱలు, కత్తులు వెంట గొనిపోరాదను మాట సామాన్యము. నిన్న నిర్దోషమైనది నేడు దోషము; ఈ యూర చెల్లినది పొరుగూర చెల్లదు. గన్నవరము విమానాశ్రయమున పెద్దపెట్టెలో నిమిడిన చాకు చేతిసంచిలో నున్నచో పట్టువడును.

ఇప్పుడు ధర్మప్రశ్న: తెలియని శాసనము మనుష్యుని బంధించునా? చట్టము తెలియదనుట సాకు కాదని న్యాయస్థానములు చెప్పును. ఆ మాట సబబే. కాదన్నచో ప్రతి దోషియు అజ్ఞానమునే శరణు చొచ్చును. అయితే ఆ మాటకు జంటమాట యొకటి యుండవలెను: తెలిసికొనగోరువానికి తెలియునట్లు చెప్పుట పాలకుని విధి. రోమకచక్రవర్తి కాలిగులా పన్నుల శాసనమును సన్నని యక్షరములతో, చదువ వీలుగాని చోట వ్రేలాడగట్టించెనని ప్రాచీన చరిత్రకారుడు సూటోనియసు వ్రాసెను. అశోకుడట్లుగాక, ధౌళి, జౌగడల శాసనములను తిష్యనక్షత్ర దినములందు జనులకు వినిపింపవలెనని యాజ్ఞాపించెను. మన ఎఱ్ఱగుడి బండలమీదను ప్రాకృతముననే చెక్కించెను. ఈ రెండు మార్గములలో నేది రాజధర్మమో వేఱ చెప్ప నక్కఱలేదు. 1951లో మన సుప్రీముకోర్టు కూడ ఈ పక్షమే వహించినది. జయపుర సంస్థానమున మంత్రిమండలి తీర్మానించి ప్రకటింపక యుంచిన నల్లమందు చట్టము క్రింద ఒకనికి పడిన శిక్షను రద్దుచేసి, ప్రకటింపని శాసనము శాసనమే కాదని తీర్చినది.

మన కత్తుల యుత్తరువులు గెజెట్టునందు ప్రకటింపబడుచునే యున్నవి గదా యని కొందఱందురు. నిజమే. కాని మిరపకోతకు వచ్చిన కూలి గెజెట్టు చదువునా? అక్షరము తీరినంతమాత్రమున ధర్మము తీరదు.

ప్రతిపక్షమును తేలికగా త్రోసివేయరాదు. పల్నాటి గడ్డమీద కత్తికి పూజయు గలదు, పగయు గలదు. కారెమపూడిలో వీరుల యాయుధములకు నేటికిని ఆరాధన జరుగుచున్నది. పగలు రేగిన గ్రామమున కత్తి లేచిన పిమ్మట మనస్సును విచారించిన ప్రయోజనమేమి? ముందుగనే యాపవలెను. ఈ వాదమున బలమున్నది. కాని దానినుండి తేలునది నిషేధము స్పష్టముగాను, స్వల్పకాలికముగాను ఉండవలెననియే గాని, అస్పష్టముగా నుండవచ్చునని కాదు.

అస్పష్టత భారము అందఱిమీద సమముగా పడదు. తెల్లబట్టల వాని జేబులోని చాకు పండ్లు కోయునది. మాసినబట్టల వాని నడుముననున్న చాకు మారణాయుధము. వ్రాసిన కొలత లేనిచోట పోలీసువాని చూపే కొలత యగును. కావున అంగుళముల లెక్క మోటుదైనను బీదవానికి రక్ష. కాని కొలత యొక్కటియు చాలదు. కొబ్బరికత్తి తొమ్మిదంగుళములు దాటినను నిర్దోషమే. ఇంగ్లండులో 1988 నాటి చట్టము 3 అంగుళములకు మించని మడతచాకును విడిచిపెట్టి, అంతకు మించినదానిని బహిరంగస్థలమున వెంట నుంచుకొన్నవాడు వృత్తి, మతము వంటి తగిన కారణము చూపినచో దోషి కాడన్నది. కొలత క్రింద నిర్భయము; కొలతపైన కారణము చెప్పుకొను నవకాశము. మన రాజ్యాంగమును 25వ అధికరణమున సిక్కుల కృపాణమునకు మత కారణము నంగీకరించినది. మతమున కంగీకరించిన మర్యాదను శ్రమకు నంగీకరింపరాదా?

కావున కోరదగినవి మూడు: దేశమంతట నొకే కొలత, తాత్కాలిక నిషేధము కలిగినప్పుడు గ్రామసచివాలయము గోడమీద తెలుగున వ్రాసి, మైకులో చదివి వినిపించుట, శిక్షకు ముందు వృత్తిని విచారించుట. గృహస్థులకును కర్తవ్యము లేకపోలేదు. పిల్లలకు చాకు నిచ్చునాడే దాని హద్దును నేర్పవలెను. పనిలేని చోటికి దానిని కొనిపోవుట యలంకారము కాదని చెప్పవలెను. నేలపాడులో 2019 నుండి రాష్ట్రపు హైకోర్టు కొలువుదీరియున్నది. ఆ న్యాయమందిరమునకు కూతవేటు దూరమున పొలము కోయు కూలివాడు, తన నడుముననున్న కత్తి పనిముట్టో నేరమో తెలియక పోలీసువానిని చూచి వెఱచునేని, ఆ వెఱపు వానిది గాదు, శాసనమునకు కళంకము.