తెరచిన ద్వారము – విద్యార్థి అధికారము

విద్య నర్థించువాడు విద్యార్థి. అర్థించుట యొకటి, అందుకొనుటకు అర్హుడగుట వేరొకటి. ఈ అర్హతకే పెద్దలు అధికారమని పేరిడిరి. పూర్వము శిష్యుని అధికారమును గురువే పరీక్షించెడివాడు. భగవద్రామానుజులు రహస్యార్థములకై శ్రీరంగమునుండి తిరుక్కోష్టియూరునకు 18 మార్లు వెళ్ళిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. గోష్ఠీపూర్ణులు 17 మార్లు వారిని మరలించి పంపిరి. తుదకు అర్థము లభింపగా, రామానుజులు దానిని దాచుకొనక ఆలయముపైనుండి ఎల్లరకును ప్రకటించిరి.

మంత్రార్థమునకును లౌకిక విద్యకును సామ్యము లేదు. అయినను ఈ గాథ నేటి విద్యార్థి యెదుట ఒక ప్రశ్న నుంచుచున్నది. అడిగినవారి కెల్లరకును ద్వారము తెరచినపుడు, అర్హతను పరీక్షించువా రెవరు?

నేటి ఆన్‌లైన్ కోర్సులు అట్టి తెరచిన ద్వారములే. 2017లో భారత ప్రభుత్వము ప్రారంభించిన ‘స్వయం’ వేదికలో గృహిణియు, పొలము చూచుకొను యువకుడును, ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుడును చేరవచ్చును. పాఠములు వినుటకు రుసుము లేదు. వీడియో పాఠములు, చదువుటకు పాఠ్యభాగములు, తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నలు, సందేహములు తీర్చుకొను చర్చావేదిక – ఈ నాలుగును అందు కలవు. ధ్రువపత్రము కోరువారు మాత్రము రుసుము చెల్లించి పరీక్ష వ్రాయవలెను.

చేరుట సులభమైనది, నిలుచుట సులభము కాలేదు. అమెరికాలోని హార్వర్డు, ఎం.ఐ.టి. సంస్థల ఆన్‌లైన్ కోర్సులను గూర్చి 2019లో వెలువడిన యొక పరిశీలనమున, 2017–18లో చేరినవారిలో నూటికి సుమారు ముగ్గురే పూర్తి చేసినట్లు తేలినది. ధ్రువపత్రమునకై రుసుము చెల్లించినవారిలో నూటికి సుమారు 46 మంది పూర్తి చేసిరి. చేరిన ప్రతివాడును పూర్తి చేయు తలంపుతోనే చేరడన్నది నిజమే. అయినను సంకల్పము గలవానికిని, కేవల కుతూహలము గలవానికిని గల భేద మిందు కానవచ్చుచున్నది.

కావున విద్యార్థి తన అధికారమును తానే పరీక్షించుకొనవలెను. ఈ చదువు నాకేల? దీనికి ముందు తెలియవలసినది నాకు తెలియునా? వారమునకు ఎన్ని గంటలు, ఏ వేళ దీనికి విడువగలను? ఈ ప్రశ్నలకు సమాధానము కాగితముపై వ్రాసుకొనిన పిమ్మటనే చేరుట మేలు. నిత్యపూజకు వేళయు చోటును ఏర్పరచుకొనిన గృహస్థునకు ఈ నియమము క్రొత్తది కాదు. పాఠము వినునపుడు ఫోనులోని తక్కిన పిలుపులను ఆపి, విన్నదానిని స్వంత మాటలలో వ్రాసుకొనవలెను. అప్పగించిన పనిని గడువు దినమువరకు వాయిదా వేయరాదు. సందేహము కలిగినపుడు సిగ్గుపడక చర్చావేదికలో అడుగవలెను. గురువు కనబడనంత మాత్రమున పరిప్రశ్న మానరాదు గదా!

ఇంటివారికిని ఇందు ధర్మము కలదు. కోడలు చదువుకొను గంటలో వంటింటినుండి పిలువకుండుట, ఆమె చేతిలోని ఫోనును కాలక్షేపమని ఆక్షేపింపకుండుట కూడ విద్యాదానమే.

ఇక కపటము. వీడియోను నడువనిచ్చి నిదురించువాడును, ఇతరుల సమాధానములను తనవిగా పంపువాడును ధ్రువపత్రము పొందవచ్చును. ఆ పత్రమును నమ్మి ఒకనాడు ఒకరు పని అప్పగింతురు. నాడు చేతగానితనము బయటపడక మానదు. ఆ నష్టము నమ్మినవారికిని తగులును. అధ్యాపకుడు చూడకపోవచ్చును. అంతర్యామి చూచుచున్నాడని నిత్యము తలచువానికి మాత్రము, చూచువారు లేని గది అనునది లేదు.

గురువు మరలి పొమ్మన్నను మరల వచ్చుట నాటి పరీక్ష. ఎవ్వరును పొమ్మనకున్నను విడిచిపోకుండుట నేటి పరీక్ష.