చోటిచ్చుటయు దాసోహమే



అన్నదానము, ధనదానము మనమెరిగిన దాసోహములు. చోటిచ్చుటయు దాసోహమే యని నేడు మనవి చేయుచున్నాను.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సేల్స్‌ఫోర్స్ అను కంపెనీ 2018లో 61 అంతస్తుల భవనమును తెరచినది. నగరమంతయు కానవచ్చు పై అంతస్తును పెద్ద అధికారుల గదులకు ఉంచుకొనలేదు. సాయంకాలములందును, సెలవు దినములందును స్థానిక సేవాసంఘముల సభలకై దానిని ఉచితముగా విడిచినది.

చిన్న సంఘమునకు అద్దె యెంత భారమో నడిపినవారికే తెలియును. చందాగా వచ్చిన సొమ్ములో అద్దెకు పోయినది అనాథ బాలునికి చేరదు. కంపెనీవారికో, పని ముగిసిన పిదప ఆ గది ఖాళీయే. దీపములకు, కావలికి, ఊడ్చుటకు అగు ఖర్చే అధికము. (మన మఠముల మంటపములును కొన్ని పండుగనాడు తప్ప తాళము వీడవు. ఇది మనలో మాట.)

అయితే ఇచ్చువాని బుద్ధి యెట్టిది? వచ్చినవారి తలపై తన పేరు బల్ల వ్రేలాడదీసి, వారిచేత పొగడించుకొని, ఛాయాచిత్రము తీయించుకొనినచో అది ప్రకటన యగును గాని దాసోహము గాదు. కల్యాణమున బిజ్జలుని మంత్రియైన బసవేశ్వరుని యిల్లు జంగమకోటికి సదా తెరచియుండెను. అంతటివానికిని ఒకనాడు దాతను నేనను భావము పొడమగా, చాకలి వృత్తిగల మడివాలు మాచయ్య మందలించెనని బసవపురాణము చెప్పుచున్నది. బసవన్న కోపింపలేదు. తలవంచి మన్నింపు వేడెను.